చారల ట్యాంకు కనిపించగానే

సొంత ఇంటి సామాను లారీ ఎక్కుతున్న రోజున సెలవు ఇవ్వకుండా మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఆ మనిషి పని చేస్తుందా? బుజ్జమ్మ చేస్తున్నట్టు నటిస్తోంది. హైవే కంట్రోల్ రూమ్‌లో ఆమె ఎదురుగా గోడ నిండా తెరలు, తెరల నిండా రోడ్డు, రోడ్డు నిండా బళ్ళు. కళ్ళు వాటి మీదే ఉన్నాయి గానీ మనసు మాత్రం మంచం కోళ్ళ దగ్గరా, గాజు గ్లాసుల పెట్టె దగ్గరా తిరుగుతోంది. బల్ల కింద ఆమె కాలు ఒకటే ఊగుతోంది.

"కాస్త ఆ కాలు ఆపు తల్లీ, నా టీ ఒలికిపోతోంది," అన్నాడు పక్క సీటాయన. ఆయన కాపలా కాసేది కొండ కింద సొరంగం. అందుకని ఆఫీసులో అందరికీ ఆయన సొరంగం అన్నయ్యే.

"తాగేస్తే ఒలకదు కదా అన్నయ్యా."

"మీ నాన్న దగ్గరుండి చూసుకుంటున్నాడుగా. ఇంకా ఎందుకు కంగారు?"

"మా నాన్న చూసుకుంటున్నాడనే కంగారు."

బుజ్జమ్మ నాన్న సరుకుల యార్డులో లారీలు నడిపిన మనిషి. అక్కడ ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. రివర్సు మేస్త్రి అంటే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరికీ తెలుసు. ఎంత పొడుగు లారీ అయినా, ఎంత ఇరుకు చోటైనా, రెండు అద్దాల్లోకీ చెరో చూపు విసిరి తాపీగా వెనక్కి దింపేసేవాడు. కొత్త డ్రైవర్లు చెమటలు కక్కుతుంటే కిందికి దించి తానెక్కేవాడు. "ముందుకు పోవడం ఎవడికైనా వచ్చు," అనేవాడు దిగుతూ. ఆ మాట విని విని ఇంట్లో అందరి చెవులూ చిల్లులు పడ్డాయి.

ఇప్పుడు యార్డు పని లేదు. అడిగినవాళ్ళకు చిన్న లారీ తోలిపెడుతున్నాడు. మొన్నీమధ్య లైసెన్సు పొడిగించమని వెళితే వయసు మళ్ళిందని అధికారులు నానా తిప్పలూ పెట్టారు. కళ్ళ డాక్టరన్నారు, చెవుల డాక్టరన్నారు. చివరికి ఇచ్చారు గానీ ఇకమీదట ఒక్క కేసు నమోదైనా లారీ లైసెన్సు రద్దవుతుందనీ, ఆ వయసులో మళ్ళీ ఇవ్వడం ఉండదనీ మొహం మీదే చెప్పారు. ఆనాటి నుంచి ఆ కార్డు ఆయన చొక్కా జేబు దాటి బయటికి రాలేదు. అది లేకపోతే తాను వీధి చివర బల్ల మీద కూర్చునే ముసలాళ్ళలో ఒకడినైపోతానని ఆయన భయం. ఆ భయం సంగతి బుజ్జమ్మకు తెలుసు.

అందుకే ఆ ఉదయం డ్యూటీకి వస్తూ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"నాన్నా, ఇది కొత్త హైవే. నీకు అలవాటు లేదు. బోర్డుల మీద పేర్లు చదువుతూ కూర్చోకు, ఆ పేర్లు మాకే అర్థం కావు. నల్లా తెల్లా చారలతో పెద్ద నీళ్ళ ట్యాంకు ఒకటి వస్తుంది. చారల ట్యాంకు కనిపించగానే పక్కదారిలోకి దిగిపో. నేరుగా మన కొత్త ఇంటి వీధే."

"అంతేనా?"

"అంతే. ఆ రోడ్డు నాకు కంఠతా వచ్చు. రోజంతా చూసేది నేనేగా."

అందులో అబద్ధమేమీ లేదు. కంట్రోల్ రూమ్‌లో ఆ ఎగ్జిట్‌ను ఎవరూ బోర్డు మీది పేరుతో పిలవరు. తెర మీద ముందు చారల ట్యాంకు కనిపిస్తుంది, దాని వెనకే రోడ్డు నుంచి దారి చీలుతుంది. 'చారల ట్యాంకు దగ్గర బండి ఆగింది' అంటే గదిలో అందరి తలలూ ఆ తెర వైపే తిరుగుతాయి. బుజ్జమ్మకు ఆ రోడ్డు మీద ఎక్కడ గతుకుందో, ఎక్కడ వాన నీళ్ళు నిలుస్తాయో కూడా తెలుసు. ఆఫీసు బస్సు మాత్రం ఆమెను ఊళ్ళో వీధుల గుండానే తెచ్చి, మళ్ళీ అలాగే దింపుతుంది.

డ్యూటీలో ఫోన్లు బయట పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. టీ కోసం లేచినప్పుడు బుజ్జమ్మ పరుగున వెళ్ళి ఫోన్ తీసి నాన్నకు చేసింది. కూతురు ఎత్తింది. అది ఇంట్లో ఎక్కడా నిలవదు, అందుకే దాన్ని పిచ్చుక అంటారు.

"అమ్మా, లారీ ఎక్కేశాం! నేను తాతయ్య పక్కన. చేపల సీసా నా ఒళ్ళోనే ఉంది."

"బెల్టు పెట్టుకున్నావా? చెయ్యి బయట పెట్టకు. తాతయ్యకి ఒకసారి ఫోన్ ఇవ్వు."

"ఇవ్వను. ఇంజను వేశాక తాతయ్య ఫోన్ ముట్టుకోకూడదని నువ్వేగా చెప్పావు."

తన మాట తనకే అప్పజెప్పిన కూతురిని ఏమనాలో తెలియక బుజ్జమ్మ ఫోన్ పెట్టేసింది. తిరిగి వచ్చి కూర్చుంది గానీ ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. తెర తర్వాత తెర వెతకడం మొదలుపెట్టింది. చిన్న లారీ ఏది కనిపించినా మనదేనేమో అనిపిస్తోంది.

కాసేపటికి నిజంగానే కనిపించింది. లారీ వెనక నిలబెట్టి కట్టిన బీరువాను ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. నీలం రంగు బీరువా, తలుపు మీద పిచ్చుక చిన్నప్పుడు అంటించిన సూర్యుడి బొమ్మ. పెళ్ళయిన కొత్తలో ఆ రంగు వద్దని మొగుడు మొత్తుకున్నా వినకుండా కొన్నది. ఆ బీరువా చారల ట్యాంకు తెరలో ఉంది. దారి చీలే చోటు దాటి ముందుకు పోయి ఆగింది. బుజ్జమ్మ కాలు ఊగడం ఆగిపోయింది.

ఆగిన లారీ నెమ్మదిగా వెనక్కి కదిలింది.

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు వాళ్ళకు ఒక వీడియో చూపించారు. హైవే మీద వేగంగా వచ్చేవాడి కంటికి ముందున్న ప్రతి బండీ ముందుకే పోతున్నట్టు అనిపిస్తుంది. అది తన మీదికి వస్తోందని బుర్రకెక్కేసరికి బ్రేకు వేసే చోటు మిగలదు. ఆ వీడియో చివర చూడలేక బుజ్జమ్మ ఆ రోజు తల తిప్పేసుకుంది. ఇప్పుడు తల తిప్పుకునే వీలు లేదు. లారీ ముందు సీట్లో పిచ్చుక ఉంది.

ఆమె ముందున్న పలక మీద మీటలు వరసగా ఉన్నాయి. 'రోడ్డు మీద వస్తువు' అనే మీట నొక్కితే పైన బోర్డుల్లో వేగం తగ్గించమని అంకె వెలుగుతుంది, అంతే. అది ఎవరి దగ్గరికీ పోదు. 'వెనక్కి వచ్చే వాహనం' అనే మీట నొక్కితే ఆ వరుస మొత్తం మీద ఎర్ర ఇంటూ గుర్తులు వెలిగి దారి మూతపడుతుంది. దాంతోపాటే ఆ బండి నంబరూ, వీడియో తిన్నగా ట్రాఫిక్ పోలీసులకు చేరిపోతాయి. వెనక్కి తీసుకునే మీట ఎక్కడా లేదు.

చెయ్యి మొదట వస్తువు మీట మీదికే పోయింది. బీరువా వస్తువు కాదా ఏమిటి? మనసు ఎంత సిగ్గులేకుండా వాదిస్తుందో ఆ క్షణంలోనే బుజ్జమ్మకు తెలిసింది. నాన్న బాగా నడుపుతాడు, ఇంకాస్త దూరమే ఉంది, దిగిపోతాడు. వేగం తగ్గించమంటే చాలు. ఎవరికీ తెలియదు. ఆ కార్డు ఆయన జేబులోనే ఉండిపోతుంది.

పక్క తెరలో, రోడ్డు వంపు తిరిగే చోట సిమెంటు లారీ ఒకటి వచ్చింది. అదే వరుసలో.

బుజ్జమ్మ రెండో మీట నొక్కింది.

పైన వరసగా ఎర్ర గుర్తులు వెలిగాయి. సిమెంటు లారీ ఒక్క కుదుపుతో పక్క వరుసలోకి జరిగింది. దాని వెనక వస్తున్న కారు బ్రేకు వేసి పాములా మెలికలు తిరిగి, రెయిలింగు దాకా పోయి నిలబడింది. సిమెంటు లారీ నీలం బీరువా పక్కనుంచి రయ్యిమని దూసుకుపోతే ఆ గాలికి బీరువాకు చుట్టిన దుప్పటి లేచి ఎగిరింది. నాన్న లారీ మాత్రం ఏమీ ఎరగనట్టు, రోడ్డు పక్క గోడ వెంటే, గీత గీసినట్టు వెనక్కి వచ్చి, ముక్కు తిప్పుకుని పక్కదారిలోకి దిగిపోయింది.

"ఎవడీ మహానుభావుడు!" అన్నాడు సొరంగం అన్నయ్య లేచి నిలబడి. "వీడికి బుద్ధి ఉందా లేదా? కానీ చెయ్యి మాత్రం మామూలు చెయ్యి కాదు, చూశావా బుజ్జమ్మా?"

"మా నాన్న," అంది బుజ్జమ్మ.

ఆయన తన టీ గ్లాసు తీసి ఆమె ముందు పెట్టాడు. సూపర్‌వైజరు గాజు గదిలోంచి వచ్చి, ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదోనని మెచ్చుకుని వెళ్ళింది.

సాయంత్రం కొత్త ఇంట్లో అడుగు పెట్టేసరికి అట్టపెట్టెల మధ్య పండగలా ఉంది. మొగుడు స్టూలెక్కి బల్బు బిగిస్తున్నాడు. నాన్న చుట్టచుట్టిన పరుపు మీద కూర్చుని పాదాలు ఒత్తుకుంటున్నాడు. పిచ్చుక చేపల సీసా పట్టుకుని ఎదురొచ్చింది.

"అమ్మా, ఒక్క చుక్క ఒలకలేదు! తాతయ్య వెనక్కి నడిపినా ఒలకలేదు!"

"ఎలా ఒలుకుతుందే?" అన్నాడు నాన్న, ముఖం వెలిగిపోతూ. "కాస్త ముందుకు పోయాన్లే బుజ్జమ్మా. ఏముంది, చిటికెలో వెనక్కి తెచ్చేశాను. మీ ఆయన్ని అడుగు, ఒక్క గ్లాసు పగిలిందేమో."

"నేను చూశాను నాన్నా."

"చూశావా!" ఆయన పరుపు మీద నుంచి సగం లేచాడు. "తెరలోనా? ఎలా ఉంది? నేరుగా వచ్చిందా లేదా?"

ఆ ప్రశ్న వినగానే బుజ్జమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చివరికి ఏడుపే గెలిచింది.

"నేరుగానే వచ్చింది. నేనే మీట నొక్కాను నాన్నా. వీడియో పోలీసులకు వెళ్ళిపోయింది."

బల్బు బిగించే చెయ్యి ఆగింది.

"వేరే మీట లేదా?" అని అడిగాడు మొగుడు మెల్లగా.

"ఉంది."

నాన్న ముఖం చూడలేక ఆమె గొంతు పెంచింది. "అంత స్పష్టంగా చెప్పానుగా! చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ట్యాంకు కనిపించగానే దిగిపోమన్నాను. ఎలా దాటిపోయావు? ఏ లోకంలో ఉన్నావు?"

నాన్న ఏదో అనబోయాడు. ఆమె ముఖంలోకి చూసి ఆగిపోయాడు.

"కాదమ్మా, మేము ట్యాంకు కోసమే..." అని మొదలుపెట్టింది పిచ్చుక.

"నువ్వు పోయి చేపలకి మేత వెయ్యి," అన్నాడు ఆయన గట్టిగా. తర్వాత బుజ్జమ్మతో, "ఏదో పరధ్యానం. వయసు. లైసెన్సు వాళ్ళు అన్నది నిజమేనేమో," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన తిండి ముట్టలేదు. ఆ తర్వాత కూడా ఆమెతో అవసరమైతే తప్ప మాట్లాడలేదు. ఆమె గదిలోకి వస్తే ఆయన వరండాలోకి పోయేవాడు. కన్నకూతురే పట్టించిందన్న బాధ ఆయన నడకలోనే తెలిసేది. బుజ్జమ్మ అదంతా భరించింది గానీ లోపల ఉడికిపోతూనే ఉంది. పిల్లను పక్కన పెట్టుకుని అంత పని చేసి, పైగా మూతి ముడుచుకు కూర్చోవడమా?

పోలీసుల నోటీసు వచ్చింది. జరిమానా, లారీ లైసెన్సు రద్దు, పోయి కార్డు అప్పగించాలి. అభ్యంతరం ఉంటే వీడియో చూసి చెప్పుకోవచ్చట.

"ఉంది," అన్నాడు నాన్న. "చూస్తే ఆ ఆఫీసరే ఒప్పుకుంటాడు. ఎక్కడైనా చక్రం గీత దాటిందేమో చూపించమంటాను."

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అల్లుడి చిన్న కారును తానే నడుపుతానని పట్టుబట్టి, ఊళ్ళో వీధుల గుండా ట్రాఫిక్ ఆఫీసుకు తీసుకెళ్ళాడు. బుజ్జమ్మ పక్కన కూర్చుంది.

ఆఫీసులో కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి ఓపికగా తెర వాళ్ళవైపు తిప్పింది. నీలం బీరువా వెనక్కి నడవడం మొదలైంది. నాన్న కళ్ళద్దాలు సరిచేసుకుని ముందుకు వంగాడు.

"చూడమ్మా. ఎంత నేరుగా ఉందో నువ్వే చెప్పు."

"నేరుగానే ఉంది పెద్దాయనా. కానీ మీరు చూడాల్సింది మీ బండిని కాదు. ఇటు పైన చూడండి."

వంపులోంచి సిమెంటు లారీ వచ్చింది. బీరువా పక్కనుంచి దూసుకుపోయింది. దుప్పటి ఎగిరింది. ముందు కిటికీలోంచి చిన్న చెయ్యి ఒకటి బయటికొచ్చి, ఆ పోతున్న లారీకి టాటా చెప్పింది.

నాన్న కిటికీ అంచు పట్టుకున్నాడు.

"మళ్ళీ ఒకసారి వెయ్యమ్మా," అన్నాడు.

రెండోసారి ఆయన తన లారీ వైపు చూడనేలేదు. "ఇది నా అద్దంలో లేదు," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "రెండు అద్దాలూ చూశాను. ఇది లేదు."

"అవతల వంపు ఉందిగా. అద్దంలో పడేసరికి అది మీ మీదే ఉండేది."

"ఆ ఎర్ర గుర్తులు వెలగకపోతే?"

అమ్మాయి బుజ్జమ్మ వైపు చూసి తల దించుకుంది.

నాన్న జేబులోంచి కార్డు తీశాడు. బొటనవేలితో ఒకసారి తుడిచి, అడక్కముందే కిటికీ కింద నుంచి లోపలికి తోశాడు. వాళ్ళు ఇచ్చిన రసీదు మడిచి అదే జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగాడు. చిన్న బళ్ళ సంగతి తర్వాత తేలుస్తామన్నారు. అందాకా స్టీరింగు ముట్టుకోకూడదు.

కారు దగ్గర ఆయన తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే నడుపు. హైవే ఎక్కు."

"నాకు హైవే అలవాటు లేదు నాన్నా. బజారుకీ బడికీ తప్ప ఎక్కడికీ..."

"నేను పక్కన ఉంటానుగా. ఎక్కు."

రోజూ అరచేతిలో ఉన్నట్టుండే రోడ్డు కిందికి దిగితే ఇంత వెడల్పుగా, ఇంత చప్పుడుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. పక్కనుంచి బళ్ళు రివ్వున పోతుంటే కారు ఊగుతోంది. ఒక పక్క ఇళ్ళకు చప్పుడు వినపడకుండా కట్టిన పొడవాటి గోడ ఎంతకీ తరగడం లేదు. తెరలో ఆ గోడ చిటికెన వేలంత ఉంటుంది. బుజ్జమ్మ స్టీరింగును రెండు చేతులతో బిగించి పట్టుకుని, మెడ చాచి ట్యాంకు కోసం చూస్తోంది. గోడ, మళ్ళీ గోడ. ఏదో ఊరి పేరున్న బోర్డు వచ్చింది, పోయింది. గోడలో ఒక సందు వచ్చింది, పక్కకు ఒక దారి చీలింది, వెనక్కి పోయింది. గోడ ఇంకాస్త సాగి అయిపోయింది.

గోడ అయిపోగానే ఆకాశంలో చారల ట్యాంకు నిలబడి ఉంది.

బుజ్జమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. తెరలో అది ముందు కనిపిస్తుంది, ఎందుకంటే కెమెరా గోడ కన్నా ఎత్తున ఉంది. కింద సీట్లో కూర్చున్నవాడికి ట్యాంకు కనిపించేది దారి దాటిపోయాకే. చారల ట్యాంకు కనిపించగానే దిగిపో అని చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది తానే. ఆయన చెప్పింది చెప్పినట్టే చేశాడు.

కాలు తెలియకుండానే బ్రేకు మీదికి పోయింది. కారు వేగం తగ్గింది. వెనకనుంచి హారన్లు గోల పెట్టాయి. ఆమె చెయ్యి గేరు మీద ఉంది.

"ఆపకు," అన్నాడు నాన్న. ఆయన చెయ్యి ఆమె చేతి మీద పడింది. "ముందుకు పోనీ."

"నాన్నా... ట్యాంకు..."

"రోడ్డు చూడు బుజ్జమ్మా. ముందుకు పోనీ."

కారు మళ్ళీ వేగం అందుకుంది. హారన్లు పక్కనుంచి తిట్టుకుంటూ వెళ్ళిపోయాయి.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు? అన్ని మాటలన్నాను. కార్డు పోయింది. ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా!"

"చెబుదామనే అనుకున్నాను," అన్నాడు ఆయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నీ ముఖం చూశాక నోరు రాలేదు. నా కోపం వేరు, అది నాతోనే పోతుంది. ఈ సంగతి నీకు తెలిస్తే రేపు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నీ చెయ్యి వణుకుతుందనుకున్నాను. ఇవాళ ఆ వీడియో చూశాక అనిపించింది, తెలియకపోతే ఇంకెవరికైనా దారి ఇలాగే చెబుతావని. అయినా వణకకూడదు. ఇంకెవరి పిల్లో ఉంటుంది లారీలో."

బుజ్జమ్మకు రోడ్డు మసకబారింది. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి తీయాలి. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయో లేదోనని ఆయన ఓరకంట చూస్తున్నాడు. గట్టిగా రెప్పలార్పుకుని అలాగే నడిపింది. తర్వాతి ఎగ్జిట్ ఇంకా చాలా దూరం ఉంది.